మేకలు పడుకోని బండ

కొండలను నిలబెట్టిన దేవునికి స్తోత్రం. ఆ కొండల మీద వాన కురిపించి, ఆ వానకు బండల మీద పాచి పట్టించి, ఆ పాచిని తప్పించుకుని నడవడానికి మేకలకు నాలుగు కాళ్ళూ తెలివీ ఇచ్చి, మనుషులకు రెండు కాళ్ళూ కమిటీలూ ఇచ్చిన ప్రభువు నామానికి మహిమ కలుగును గాక. ఇందులో వెటకారం ఉందని ఎవరికైనా అనిపిస్తే, ఉంది. అది ఆయన మీద మాత్రం కాదు. చిన్నప్పుడు ఆదివారం బడిలో చాప మీద కూర్చుని వాక్యం నేర్చుకుని, పెద్దయ్యాక అదే బడిలో నలభై ఏళ్ళు పిల్లలకు వాక్యం చెప్పి, ఇప్పుడు మోకాళ్ళు వంగక కుర్చీలో కూర్చునే ప్రార్థన చేసుకుంటున్న మనిషిని. ఆయనను చూసి నవ్వేంత ధైర్యం నాకు లేదు. ఆయన పేరు చెప్పుకుని మేం చేసిన పనులు తలుచుకుని నవ్వకపోతే మాత్రం ఏడుపు ఆగదు.

పోయిన నెల మా మనవరాలు స్నేహ తిరుపతి నుంచి చిత్తూరుకు నన్ను చూడ్డానికి వచ్చింది. నా కూతురి కూతురు. తిరుపతిలో నర్సుగా పనిచేస్తోంది, అక్కడి వాళ్ళ సంఘంలో యువజన కూటానికి కార్యదర్శి. నన్ను చూడ్డానికి అన్నది మర్యాదకు. లోపలికి వచ్చి చెప్పులు విడిచిందో లేదో, "అవ్వా, మీ అవ్వ చేతికర్ర యాడ పెట్టినావు?" అంది. ఆ కర్ర బియ్యం డ్రమ్ము వెనక ఉంది. వెదురుది, అడుగున ఇనప పొన్ను, పైన మా అవ్వ అరచెయ్యి పట్టి పట్టి నున్నగా అయిన గుబ్బ. దాన్ని ఏం చేసుకుంటావే అని అడిగితే ఫోను తెరిచి నా ముందు పెట్టింది. ఫిబ్రవరి ఆఖరులో ఇరవై ముగ్గురు పిల్లలు, వాళ్ళ పాస్టరు గారు, ఒక గిటారు కలిసి హిమాచల్లో ఏదో కొండెక్కి శిఖరం మీద ఉపవాస ప్రార్థన చేస్తారట. మన అవ్వల కాలం నాటి కొండ ప్రార్థనను మళ్ళీ నిలబెడుతున్నామని పాస్టరు గారు చెప్పారట. అందుకని అవ్వ కర్ర కావాలట, సాక్ష్యంగా.

ఫోనులో కొండ పటం ఉంది. ఎండ పడే వైపు గోధుమరంగు, నీడ వైపు తెలుపు. తెల్లగా ఉన్నచోట మంచు ఇంకా కరగకుండా నిలిచి ఉందట. పైన గట్టిగా కనిపిస్తుందట, అడుగున నీళ్ళు పారి డొల్లగా ఉంటుందట. ఆ నిలిచిన మంచును లెక్క చూసుకునే దారి, తేదీ పెట్టుకోవాలని స్నేహ చాలా శ్రద్ధగా వివరించింది. నేను చింతపండులో గింజలు తీస్తూ వింటున్నాను. "మరి అన్నీ సూసుకునే ఫిబ్రవరి అనుకున్నారా?" అని అడిగాను. స్నేహ ముఖం వెలిగిపోయింది. "తేదీకి ఆలోచనే అక్కర్లేకపోయినాది అవ్వా. ఈ ఏడు మా సంఘానికి వచ్చిన వాగ్దానం ఏందో తెల్సా? పాపాలు హిమంలాగా తెల్లగా అవుతాయన్న మాట! మంచు గురించే వచ్చినాది సూడు. పాస్టరు గారు ఆ పొద్దే చెప్పేసినారు, ప్రభువే దారి చూపించినాడని. మా అందరికీ సెలవులు కూడా అప్పుడే కుదిరినాయి."

నా చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది. మా సంఘాల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక పళ్ళెం నిండా చిన్న చిన్న అట్టముక్కలు పెడతారు. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం ఉంటుంది. ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటే ఆ ఏడాదికి అదే మనకు దేవుడిచ్చిన వాగ్దానం. ఇంటికొకటి, సంఘమంతటికీ ఒకటి. దాన్ని నేను ఎగతాళి చేయను. నా కష్టాల్లో ఆ అట్టముక్కలను గుండెకు అద్దుకుని ఏడ్చిన రోజులు ఉన్నాయి. కానీ ఓదార్పు కోసం ఇచ్చిన మాటను పట్టుకుని వాతావరణం ఎట్లా ఉంటుందో తేల్చేసే విద్య ఒకటి మా వాళ్ళ దగ్గర ఉంది. అది ఈ పిల్లలతో మొదలు కాలేదు. "ఆడ గొర్రెలు మేపేవాళ్ళు ఉంటారా?" అన్నాను. "ఉంటారేమో. ఎందుకు?" "వాళ్ళని అడిగినారా?" స్నేహ పకపకా నవ్వింది. "ఆకాశంలో నుంచి ఫోటోలు తీసి పంపిస్తా ఉంటే గొర్రెలోళ్ళు ఎందుకవ్వా!" అంది. సరిగ్గా ఆ నవ్వు, ఆ ధీమా మా నాయనవి. రక్తం ఎక్కడికి పోతుంది.

మాది కార్వేటినగరం దగ్గర ఒక పల్లె. మా సంఘంలో ముప్పై ఇళ్ళు ఉండేవి. ఊరి వెనక కొండను ఊరివాళ్ళు నల్లబండ అనేవాళ్ళు, మేము ఒలీవల కొండ అనేవాళ్ళం. దాని మీద ఒలీవ చెట్టు ఒక్కటి కూడా లేదు. సీతాఫలం చెట్లు, బలుసు పొదలు, వాటి నడుమ ఏనుగు వీపులాంటి పెద్ద ఏటవాలు బండ, ఆ బండ మీదుగా పైకి దారి. మా తాత ఆ ఊళ్ళకు మొదటి ఉపదేశి, పల్లె పల్లె తిరిగి వాక్యం చెప్పేవాడు. ఆయన ఆ శిఖరం మీద మోకాళ్ళూని ప్రార్థన చేసేవాడని, అందుకే ఏటా శ్రమదినాలు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు, మొదలయ్యే ముందు శనివారం సంఘమంతా ఆ కొండెక్కి ఉపవాసముండి, మధ్యాహ్నం దాకా ప్రార్థన చేసి, కిందికి వచ్చి భోజనం చేయడం మా ఆచారం. చిక్కంతా శ్రమదినాలతోనే. అవి చంద్రుణ్ణి బట్టి ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కు జరుగుతాయి. మా వైపు వానలేమో కార్తీకంలో పట్టుకుంటే ఒక్కో ఏడు క్రిస్మస్ దాకా వదలవు. వాన ఆగిన తర్వాత కూడా వారాల తరబడి బండ చీలికల్లో నుంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. శ్రమదినాలు ఆలస్యమైన ఏడు బండ ఎండి మా కోసం కాచుకుని ఉండేది. ముందుకు జరిగిన ఏడు పాచి ఇంకా బతికే ఉండేది. అప్పుడు కొండ ప్రార్థనను రెండు వారాలు వెనక్కి జరపాలా వద్దా అని పెద్దలు కూర్చుని తేల్చాలి. హిమాచల్ మంచుకు మా నల్లబండ పాచి స్వయానా చెల్లెలు.

ఆ పెద్దలు కూర్చునేది మా ఇంటి తిన్నె మీద. నాయన బడిపంతులు, సంఘానికి కార్యదర్శి. ఏ మాట నలుగురిలో మాట్లాడినా ఊదా సిరాతో మినిట్స్ పుస్తకంలో రాస్తేగాని అది నిజంగా జరిగినట్టు ఆయనకు అనిపించేది కాదు. అమ్మ చేత జిబ్బాకు గంజి పెట్టించి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తానే రుద్దుకునేవాడు. శనివారం వచ్చిందంటే మా ఇల్లంతా ఆ గంజి కాలిన వాసన, బొగ్గు వాసన. కొండ ప్రార్థన వారంలో వాటికి తోడు అమ్మ పులిహోరకు ఉడికించే చింతపండు గుజ్జు, ఇంగువ, గూడూరు నుంచి మా మేనత్త పంపిన నిమ్మకాయల ఊరగాయ. ఉపవాస ప్రార్థనకు అంత ఘుమఘుమలాడే ఏర్పాట్లు ఇంకే మతంలోనూ ఉండవేమో. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒక మూల కూర్చుని వక్కాకు నమిలేది. ఉపదేశి పెళ్ళాం వక్కాకు నమలకూడదని సంఘం ఎప్పుడో తీర్మానం చేసింది కాబట్టి ఆకూ వక్కా కళ్ళద్దాల పెట్టెలో దాచుకునేది. కళ్ళద్దాలు కొంగున కట్టుకునేది. ఈ సంగతి తెలియనిది ఊళ్ళో నాయనకు ఒక్కడికే, లేదా తెలియనట్టు ఉండడం ఆయన ఒక్కడికే చేతనయ్యేది.

నాకు పదకొండేళ్ళప్పుడు శ్రమదినాలు బాగా ముందుకు వచ్చాయి. ఆ ఏడు వానలు కూడా క్రిస్మస్ దాటి పడ్డాయి. ఒక పొద్దున నాయన, సంఘ పెద్ద దానియేలు తాత, సైకిల్ మీద వచ్చిన పాస్టరు అయ్యగారు తిన్నె మీద కూర్చున్నారు. అప్పుడే మునెమ్మ పాలు పోయడానికి వచ్చింది. మునెమ్మ నల్లబండ కింద మేకలు మేపుకునే మనిషి. మా సంఘం మనిషి కాదు, కొండ దిగువన ఉన్న గంగమ్మకు ఏటా పొంగలి పెట్టుకునేది. అమ్మ చెంబులోకి పాలు పోస్తూనే పెద్దల మాటలు విన్నది.

"ఈ శనివారమే వద్దు సామీ," అంది తిన్నె వైపు తిరిగి. "బండ ఇంకా తడారలేదు. సూసేదానికి నల్లంగా ఎండినట్టే ఉండాది. కాలు పెడితే ఎన్నముద్ద. నా మేకలే సుట్టు తిరిగి పోతాండాయి."

నాయన నవ్వాడు. ఇందాక చెప్పిన నవ్వు. "మాకు ఈ ఏడు వచ్చిన వాగ్దానం ఏందో తెల్సునా మునెమ్మా? మా పాదం తొట్రిల్లనియ్యనని దేవుడు మాటిచ్చినాడు. అట్టముక్క మీద రాసుండాది, తెచ్చి సూపించమంటావా?"

"నాకు సదువు రాదు సామీ. బండకు వచ్చునో రాదో మీరే అడగండి."

దానియేలు తాత ముక్కుపొడుం పట్టు పట్టి, "కొండ ఎవురిది? దేవుడిది. ఆయన కొండమింద ఆయన బిడ్డలు జారతారా?" అన్నాడు.

"కొండ దేవుడిదే అప్పా, ఎవురు కాదన్నారు. పాచి ఎవురిదో అది సెప్పు."

అమ్మ చెంబు అడ్డం పెట్టుకుని నవ్వింది. దానియేలు తాతకు కోపం వచ్చింది. "అన్యురాలి మాట పట్టుకుని సంఘం నడస్తాదా పంతులా? రాయి నువ్వు!" అన్నాడు. నాయన కలం సిరాలో ముంచాడు. సరిగ్గా అప్పుడే దానియేలు తాత పొడుం ఘాటుకు పెద్దగా తుమ్మాడు. మాకు శకునాల మీద నమ్మకం లేదు. అది అన్యుల ఆచారమని ప్రతి ఆదివారం వింటూనే ఉంటాం. అయినా నాయన కలం కింద పెట్టి నాలుగు గుక్కలు నీళ్ళు తాగాడు. అయ్యగారు లేచి అటూ ఇటూ నాలుగడుగులు వేసి కూర్చున్నారు. ఆ తర్వాతే శనివారం ఖాయమైనట్టు మినిట్స్‌లో ఎక్కింది. లోపల నుంచి అవ్వ కేకేసింది. "ఒరే, నేనూ వస్తాండా. మీ నాయన మోకాళ్ళూనిన సోటు ఇంకొక్కసారి సూసుకుని వస్తా." అవ్వకు అప్పటికి డెబ్బై దాటాయి. అంతకు ముందు మూడేళ్ళుగా ఆమె కొండెక్కలేదు. తల్లి మాటకు నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదీ మినిట్స్‌లో రాసుకున్నాడు.

గురువారం బడి వదిలాక మునెమ్మ నన్ను దారిలో పట్టుకుంది. పిడికెడు రేగ్గాయలు నా చేతిలో పోసి, "మీ నాయన నా మాట ఇనడు. నువ్వు సూసి సెప్పు పాపా, నీ మాటైతే ఇంటాడు," అంటూ బండ దాకా తీసుకుపోయింది. ఆమె ఒక చేత్తో పక్కనున్న బలుసు కొమ్మ పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని, "పెట్టు కాలు," అంది. పెట్టాను. కాలు నాది కాదన్నట్టు పోయింది. ఒక్క జారుకు మోకాళ్ళ మీద పడ్డాను. ఆమె నా జడ పట్టి ఆపింది. పావడ అంచుకు ఆకుపచ్చ మరక. "సూడు," అంటూ కిందికి చెయ్యి చూపించింది. ముప్పై మేకలు బండ చుట్టూ పొదల్లో, మట్టిలో, రాళ్ళ మీద ఉన్నాయి. బండ మీద ఒక్కటీ లేదు. "తడిమింద మేక పండుకోదు. ఎండినాక సూడు, అన్నీ పోయి ఆ బండమిందే పండుకుంటాయి, యెచ్చగా ఉంటాదని. నా మేకలు పండుకున్న పొద్దు మీరొచ్చి పాటలు పాడుకోండి. ఇంకో రెండు వారాలు, అంతే గదా. దేవుడు యాడికి పోతాడు?" అంది. మేకలూ కొండా పాచీ తెలిసిన మనిషి నోట అంత పొందికగా వచ్చిన ఆ మాటకంటే మంచి ప్రసంగం ఆ ఏడు మా సంఘంలో ఎవరూ చేయలేదు.

ఆ ప్రసంగం విన్న ఒక్కగానొక్క సభ్యురాలిని నేను. నేను ఇంటికి పోయి చెప్పలేదు. ఎందుకో చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. శిఖరం మీద ఒంటరి పాట పాడే అవకాశం ఆ ఏడు నాకు వచ్చింది. ప్రతి ఏడూ అది దానియేలు తాత మనవరాలు సుగుణది. దాని గొంతు నా గొంతుకంటే పది రెట్లు మంచిది. ఆ అమ్మాయి చిత్తూరులో మేనమామ ఇంటికి పోయి ఉంది, పది రోజుల్లో తిరిగి వస్తుంది. ప్రార్థన రెండు వారాలు వెనక్కి జరిగితే పాట సుగుణకు పోతుంది. అమ్మ నాకు తెల్ల పావడ కూడా కుట్టించేసింది. ఇంటికి రాగానే అమ్మ పాత పావడ మరక చూసి, "యాడ పడినావే?" అని అడిగింది. "బడికాడ," అన్నాను. రాత్రి సంగటి తింటూ నాయన, "పాట వచ్చినాదా పాపా?" అన్నాడు. "వచ్చినాది నాయనా," అన్నాను. పాచి సంగతి నోట్లో సంగటిముద్దతో పాటు మింగేశాను. ఆ ముద్ద ఇంకా అరగలేదు.

శనివారం ఎండ బాగా కాసింది. అది చూసి నాయన నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. కొండ కింద అందరం చెప్పులు విడిచాం, పరిశుద్ధ స్థలం కదా అని. వరసలో ఎక్కడం మా పద్ధతి. ముందు అయ్యగారు, పెద్దలు, తర్వాత మగవాళ్ళు, ఆఖరున ఆడవాళ్ళు, పిల్లలు. బండకు అంచున కాస్త ఎండిన చోటు ఉంది. ముందు పోయిన పెద్దలు ఆ అంచు పట్టుకునే పోయారు, కాలికి తెలిసిన సంగతి నోటికి చెప్పకుండా. వెనక ముప్పై మంది ఒకేసారి వచ్చేసరికి అంచు చాలలేదు. అవ్వ ఒక చెయ్యి నా భుజం మీద వేసి ఎక్కుతోంది. కొత్త పావడలో నేను పాట మనసులో అనుకుంటూ పోతున్నాను. ముందుగా జారింది హార్మోనియం మోస్తున్న మనిషి. ఆయన బలుసు పొద పట్టుకుని ఆగాడుగాని పెట్టె ఆగలేదు. ఆ పొద్దు ఒంటరి పాట అదే పాడింది, కింద దాకా. అందరూ అటు తిరిగారు. ఆ తిరగడంలో అవ్వ కాలు పోయింది. ఆమె బరువంతా ఒక్క క్షణం నా భుజం మీద పడింది. నేనూ ఒరిగాను. అప్పుడు ఆ చెయ్యి నా భుజాన్ని వదిలేసింది. జారి తీయలేదు, కావాలని తీసేసింది. అది నాకు తెలుసు. యాభై ఏళ్ళు దాటినా ఆ భుజం మీద ఆ వేళ్ళు ఒక్కొక్కటీ లేవడం నాకు తెలుస్తూనే ఉంది.

అవ్వకు తొడ ఎముక విరిగింది. నాయన పంచెలో పడుకోబెట్టి మోసుకుని దిగుదామంటే వచ్చిన దారిన దిగడానికి ఒక్కరికీ ధైర్యం లేదు. అరుపులు విని మునెమ్మ పైకి వచ్చింది. మాటకు మాట అప్పజెప్పే మనిషి, ఆ పొద్దు ఒక్క మాట అనలేదు. పొదల వెనక మేకల దారిన మమ్మల్ని ఒకరి వెనక ఒకరిని కిందికి దించింది. ఈసారి ఆమె ముందు, అయ్యగారు వెనక. ఎద్దులబండి మీద అవ్వను పుత్తూరు తీసుకుపోయారు. మా వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టే దిక్కు. కట్టు కట్టే పెద్దాయన నుదుటి నిండా నామం. గోడ నిండా దేవుళ్ళ పటాలు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన కలిపి గుడ్డకు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నాయన చేతులు కట్టుకుని నిలబడి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. నలభై రోజులు కదలకూడదు. రాసుకున్నాడు. గుమ్మడికాయ తినకూడదు. రాసుకున్నాడు.

మరుసటి వారం పెద్దలు మళ్ళీ మా తిన్నె మీద కూర్చున్నారు. వాగ్దానం తప్పదు కదా, మరి తప్పు ఎవరిది? చాలాసేపు వెదికారు. ఒక సహోదరి విశ్వాసం చాలకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని దానియేలు తాత చెప్పాడు, నాయన రాశాడు. రాస్తూ రాస్తూ గట్టిగా చదవడం ఆయన అలవాటు. లోపల మంచం మీద నుంచి అవ్వ గొంతు వచ్చింది. ఇప్పుడు దాచుకోవడం లేదు, వక్కాకు నములుతూనే మాట్లాడింది.

"ఏరా, నా ఇస్వాసం తక్కువయి జారినానా? హార్మోని పెట్టె కూడా జారింది గదరా. దానికేం తక్కువైనాది?"

నాయన కలం పట్టుకునే తలుపు వైపు తిరిగాడు.

"మునెమ్మ సెప్తే అన్యురాలి మాట అంటిరే. మరి నా కాలికి ఈ కట్టు కట్టినోడు యా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడో పోయి కనుక్కోని రండి. ఆ తర్వాత రాసుకో."

దానియేలు తాత పొడుం డబ్బీ తెరవకుండానే లేచి వెళ్ళిపోయాడు. నాయన ఆ వాక్యం కొట్టేయలేదు, పూర్తి కూడా చేయలేదు. పెద్దలు పోయాక నేను అవ్వ మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. ఎందుకు ఏడుస్తున్నానో తమకు తెలుసునని అందరూ అనుకున్నారు, అవ్వ మీద ప్రేమ అని. అవ్వ నా తల నిమురుతూ, ఎవరికీ వినబడకుండా, "బడికాడ బండ యాడుండాదే పాపా?" అంది.  ఆమె కళ్ళద్దాల పెట్టెలో నుంచి ఒక వక్కపలుకు తీసి నా నోట్లో పెట్టింది. నోరు తెరవద్దని చెప్పిందో, ఇప్పటికైనా తెరవమని చెప్పిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను తెరవలేదు. ఆమె తర్వాత తొమ్మిదేళ్ళు ఆ పొన్నుకర్రతో ఇంట్లో నడిచింది, కొండ మాత్రం ఎక్కలేదు. మరుసటి ఏడు నుంచి నాయన శ్రమదినాల ముందు సాయంకాలాలు షికారుకని కొండ వైపు పోయేవాడు. మేకలు బండ మీద పడుకున్నాయో లేదో దూరం నుంచి చూసుకుని వచ్చేవాడు. తిన్నె మీద కూర్చుని, "ప్రార్థనలో నాకు తెలిసింది, ఈ శనివారం పోవచ్చు," అనేవాడు. మునెమ్మ పేరు మా మినిట్స్ పుస్తకంలో ఎక్కడా లేదు.

అందుకే స్నేహకు కర్ర ఇవ్వలేదు. "ఇది కొండెక్కిన కర్ర కాదే, పడినాక వచ్చిన కర్ర," అన్నాను. ఆదివారం దాన్ని పట్టుకుని నేనే తిరుపతి బస్సెక్కాను. వాళ్ళ సంఘం హాలులో ఏసీ ఉంది, గోడంత తెర ఉంది, తెర మీద మంచుకొండ, దాని మీద ఆ ఏటి వాగ్దానం. మా తిన్నెకూ దీనికీ ఎంత దూరమో అనుకున్నాను. పాస్టరు గారు మైకు అందుకుని, ప్రభువు పిలిచినప్పుడు వాతావరణం అడ్డు కాదని చెప్పేసరికి ఆ దూరమంతా ఒక్క అడుగైపోయింది. తర్వాత నన్ను ముందుకు పిలిచారు, పూర్వకాలపు విశ్వాసి, యాత్రను ఆశీర్వదించి ప్రార్థన చేస్తారని. స్నేహ ముఖం చూశాను. ఎవరి భుజం మీద ఎవరు చెయ్యి వేసుకుని ఆ మంచు మీద నడుస్తారో అనుకున్నాను. "ప్రార్థనకు ముందు ఒక సాక్ష్యం," అన్నాను.

పాచి చూశానని, పాట కోసం చెప్పలేదని, మా అవ్వ కాలు విరగడంలో నా పాలు ఉందని, ఒక్కొక్కటీ చెప్పాను. మా వాళ్ళకు సాక్ష్యమంటే అలవాటు ఎక్కువ, వినడం తక్కువ. "మా అవ్వ పడిపోయింది," అనగానే వెనక వరసలో ఎవరో "హల్లెలూయా!" అన్నారు. నేను ఆగి అటు చూశాను.  కర్ర పైకెత్తి చూపించి, "ఆ కొండ కింద ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళను అడిగి చెప్పండి, అప్పుడు ప్రార్థన చేస్తా. అంతదాకా నేను ఈడనే నిలబడి ఉంటా," అన్నాను. మోకాళ్ళు వంగవు కాబట్టి నిలబడ్డం నాకు కష్టమేమీ కాదు.

పాస్టరు గారు చిరునవ్వు నవ్వారు. స్నేహ లేచింది. వాళ్ళు దిగబోయే ఆఖరి ఊళ్ళో వంట చేసి పెట్టే ఒక ఆమె నంబరు దాని దగ్గర ఉంది. ఇరవై నలుగురికి రొట్టెలు చెయ్యమని చెప్పడానికి తీసుకుందట, ఇంకేమీ అడగాలని తోచలేదట. అందరికీ వినబడేలా పెట్టి, ఆమెతో హిందీలో మాట్లాడింది. ఆమె నవ్వు నాకు భాష లేకుండానే అర్థమైంది. స్నేహ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. "నీడ వైపు మంచు నడుము లోతు ఉందంట. పైన గట్టిగా కనిపిస్తాదంట, అడుగున కాలవ పారతాందంట... రొట్టెలు ఎన్నైనా చేస్తుందంట, తినేదానికి మనం మిగలాలంట..." చివరి ముక్క మాత్రం నా వైపు చూస్తూ చెప్పింది. "వాళ్ళ గొర్రెలు ఇంకా కిందనే ఉండాయంట అవ్వా. అవి ఎక్కినాక రమ్మంటాంది."

పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ఒక నిమిషం అయ్యాక తెరిచి, యాత్రను మే నెలకు మార్చమని ప్రభువు తనకిప్పుడే బయలుపరిచాడని చెప్పారు. ఈసారి హల్లెలూయా అందరూ అన్నారు. నేనూ అన్నాను. మా నాయన కాలంలో ఆ సంగతి బయలుపడడానికి ఒక తొడ ఎముక, నలభై రోజులు, ఒక ఏడాది షికార్లు పట్టాయి. ఇప్పుడు ఒక ఫోను చాలింది. ఆ మాత్రం ముందుకు పోయామని ఒప్పుకుంటాను. అప్పుడు మునెమ్మ పేరు రాయలేదు, ఇప్పుడు ఆ రొట్టెలామె పేరు అడగలేదు. అందులో మాత్రం మేం మా పితరుల దారి తప్పలేదు. కర్ర స్నేహ చేతికి ఇచ్చాను, మేలో తీసుకుపొమ్మని, అడుగు వేసే ముందు పొన్నుతో గుచ్చి చూడమని.

ఇది చదువుతున్న మీరు ఏ సంఘం వాళ్ళయినా, ఏ సంఘానికీ చెందనివాళ్ళయినా, ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. తండ్రీ, ఆ పిల్లల పాదాలను కాపాడు. పేరు రాసుకోని మునెమ్మను, పేరు అడగని ఆ రొట్టెలామెను నీ పుస్తకంలో రాసుకో, మా పుస్తకాల మీద వదిలేయకు. నువ్వు మాతో మాట్లాడేటప్పుడు ఎవరి నోటితో మాట్లాడుతున్నావో పోల్చుకునే తెలివి మాకివ్వు. నా భుజం వదిలేసిన ఆ చేతిని ఒకసారి పట్టుకుని, నీ మనవరాలు నోరు తెరిచిందని చెప్పు. ఆమేన్ అనాల్సిన మాట ఇక మీది. అనేయండి. నాలాగా ఇన్నేళ్ళు ఆగకండి.